తెర ఆరిపోకుండా

పద్మనాభంలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటాను. వరిపొలాల తడి వాసన ఇంకా ముక్కులో ఉండగానే ఫోను చిన్నగా గంట కొడుతుంది. అవతలి మనిషి ఆటలోకి వచ్చిందని గుర్తు. ఆ చప్పుడు వింటే శారద మేడం కళ్లముందు మెదులుతారు.

రుషికొండలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో నేను గిన్నెలు కడుగుతాను. ఆవిడ అక్కడ సాఫ్ట్‌వేర్ పని చేసేవారు. నలభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. కొంత వచ్చాక తాను తయారుచేసిన ఆటలోకి దింపారు. ఫోన్లలో చాటింగ్ తెరిచి, ఒకరు పంపిన మాట చివరి అక్షరంతో రెండోవారు మరో మాట పంపాలి. మొదట్లో అది సర్వర్ మీద నడిచేది. ఎక్కడో ఉన్న ఆ యంత్రం మా మాటలను దాచి ఉంచేది. పొద్దున ఆవిడ పంపిన మాటకు నేను సాయంత్రం బదులిచ్చినా ఆట అలాగే ఉండేది. కూడబలుక్కుని చదివే నాకు ఆ తీరుబడే ప్రాణం.

కొన్నాళ్లకు ఆ సర్వర్ తీసేశారు. మేడం ఆటను మార్చి, మధ్యలో ఏ యంత్రమూ లేకుండా ఒక ఫోను నుంచి మరో ఫోనుకు నేరుగా నడిచేలా చేశారు. ఇక ఇద్దరమూ ఒకే సమయంలో ఉండాలి. ఒకరి తెర ఆరితే ఆట పోతుంది. ఛార్జింగ్ మిగులుతుందని తెర ఆర్పి ఫోను బొడ్లో దోపుకోవడం నా అలవాటు. అలా మాటిమాటికీ ఆట పోగొట్టాను. ఇక చదువు నా వల్ల కాదనిపించింది.

"నాను నిదానం మడిసిని మేడం. ఇంక ఒగ్గీండి," అన్నాను.

"నాకేం తొందర లేదండి నూకాలమ్మగారూ. మీరు ఆలోచించుకోండి, నేనిక్కడే ఉంటాను."

మరునాడు భోజనాల వేళ ఆవిడ 'పడవ' అని పంపారు. ఎంతకీ నాకు మాట తట్టలేదు. వడ్డించే కిటికీలోంచి చూశాను. మేడం కంచంలో అన్నం చల్లారిపోయింది. ఆవిడ ఎడమచేతి బొటనవేలు తెరను ఆరనివ్వకుండా మెల్లగా తాకుతూనే ఉంది. ఆవిడ వెనుక అద్దాల గోడ అవతల, హార్బరు పిలుపు కోసం ఆగిన ఓడలు నీళ్ల మీద కలలోలా నిలబడి ఉన్నాయి. అప్పుడు మా చేను గుర్తొచ్చింది. 'వరి' అని పంపాను. ఆవిడ తలెత్తి నా వైపు చూసి, అన్నం కలుపుకున్నారు.

తర్వాత మేడం ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లిపోయారు. ఆట మాత్రం నా ఫోనులో ఉండిపోయింది. ఇప్పుడు అవతల ఉండేది పైడమ్మ, క్యాంటీన్‌లో కొత్తగా చేరి అక్షరాలు నేర్చుకుంటున్న మనిషి.

"నాకు ఆలీసమవుద్ది, నీ పని సూసుకో అప్పా," అంది నిన్న.

"నువ్వాలోసించు. నానిక్కడే ఉంతాను," అన్నాను.

ఈ పొద్దున తను ఇంకా మాట వెతుక్కుంటూనే ఉంది. మద్దిలపాలెంలో బస్సు మారాలి. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని మెట్లు దిగుతూ, రెండో చేతి బొటనవేలితో తెరను తాకుతూనే ఉన్నాను.