మాస్టారి లాగిన్

ఇప్పుడు మీకొక మహాకావ్యం చెప్పబోతున్నాను. ఇందులో గోదావరి ఉంది, దాని మీద వంతెన ఉంది, ఒక వీరుడి మరణం ఉంది, ఆయన తరవాత సింహాసనం ఎవరిదన్న పేచీ కూడా ఉంది. నిజం చెప్పాలంటే కావ్యమేమీ కాదు. గోదావరిని నేను దాటింది ఆర్టీసీ బస్సులో, నిలబడి. సింహాసనమంటే ఒక చెయ్యి విరిగిన రివాల్వింగ్ కుర్చీ. వీరుడు మా ఆస్పత్రి కంప్యూటర్ల ఇన్‌చార్జి. లెక్కల మాస్టారి ఉద్యోగం మానేసి ఇటు వచ్చిన మనిషి కాబట్టి అందరికీ మాస్టారే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. రాజమండ్రిలో మాదొక మోస్తరు ఆస్పత్రి. కొవ్వూరులోనూ తునిలోనూ చిన్న శాఖలుండేవి. కంప్యూటర్ విభాగమంటే మాస్టారు, నేను, ఒక ఏసీ. ముగ్గురిలోనూ ఎక్కువ గౌరవం ఏసీకి.

బిల్లుల నుంచి మందుల ధరల దాకా నడిపే ప్రోగ్రామ్ మాస్టారే రాశారు. చేరిన కొత్తలో నేను అందులో ఒక చిన్న మార్పు చేశాను. మధ్యాహ్నానికల్లా మూడు ఊళ్లలోనూ మగ రోగులకు ప్రసూతి వార్డు బిల్లులు రావడం మొదలైంది. తుని నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"ఏవండీ, మా మావయ్యగారికి సిజేరియన్ అని రాసిచ్చారేంటండీ?"

మాస్టారు కోప్పడలేదు. ప్రోగ్రామ్‌లో ఒక నియమం మాత్రం పెట్టారు. మార్పు అడిగేవాడొకడు, ఒప్పుకునేవాడొకడు. నేను ఏది మార్చాలన్నా ఎందుకో రాసి పంపాలి. ఆయన తన లాగిన్‌లో చూసి సరే కొడితేనే అది అమలవుతుంది. ఆ కంప్యూటర్లలో తెలుగు పడదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకునేవాళ్లం. మొదటిసారి ఏది పంపినా ఆయన జవాబు ఒకటే: మళ్లీ ఆలోచించు.

"చదవకుండానే తిప్పికొడుతున్నారు కదండీ?" అన్నానొకసారి.

"చదివితే జాలేస్తుందబ్బాయ్. రెండోసారి పంపు, అప్పుడు చదువుతాను. సగం మార్పులు రెండోసారి రావు, గమనించావా?"

నిజమే, వచ్చేవి కావు. నాకు బద్ధకం. ఆ బద్ధకం వల్లే మూడు ఊళ్ల రోగులు క్షేమంగా ఉన్నారని ఆయన నమ్మకం.

ఒక ఆదివారం ఉదయం మాస్టారు కొవ్వూరులో వాళ్లింట్లో చర్చికి తయారవుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయారట. వంతెన దాటించి మా ఆస్పత్రికి తెచ్చేలోపే అయిపోయింది. నేను పరుగున వెళ్లి చూశాను. చొక్కా గుండీ ఒకటి తప్పి, వరసంతా కిందికి జారిపోయి ఉంది. నా తప్పు ఒక్కటి కూడా దాటనివ్వని మనిషి. సరిచేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

ఆ వారమే ఫార్మసీలో గోల మొదలైంది. కంపెనీలు మందుల ధరలు పెంచాయి. కొత్త ధరలు ఎక్కించాలంటే మాస్టారు సరే అనాలి. ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టడమూ మార్పే, దానికీ ఆయనే సరే అనాలి. ఆయన పేరు తీసెయ్యాలన్నా ఆయనే అనాలి. బతికుండగా కూడా నాకు ఇంత గట్టిగా అడ్డుపడలేదు. డేటాబేస్‌లోకి దొడ్డిదారిన పోయి తీసెయ్యొచ్చు. ఆ దారి నాకు చూపించిందీ ఆయనే, అటు వెళ్తే కాళ్లు విరగ్గొడతానన్నదీ ఆయనే. లేరు కదా అని వెళ్లబుద్ధి కాలేదు.

మా అడ్మినిస్ట్రేటర్ గారు కడియం వైపు రైతు కుటుంబంలోంచి వచ్చిన పెద్దమనిషి. సంగతంతా విని తల అడ్డంగా ఊపారు.

"పెద్దకర్మ అవ్వకుండా పేరు తీసేస్తారా? తప్పు కదండీ!"

"వాళ్లు క్రైస్తవులండి. పెద్దకర్మ ఉండదండి."

"ఆయనకి లేకపోతే పోనీ. ఆ కంప్యూటర్‌కి కొబ్బరికాయ కొట్టింది మనం కదా, దానికుంటుంది."

"అందాకా పాత ధరలకే అమ్మమంటారా?" అంది ఫార్మసీ ఆవిడ, ఏడుపు గొంతుతో.

"అమ్మండి. ఆయన పేరు చెప్పి నాలుగు రోజులు చవగ్గా తాగుతారు మందులు."

అలా మా కంప్యూటర్‌కి మైల తీరాక, పాస్‌వర్డ్ ఏమైనా తెలుసేమో కనుక్కు రమ్మని నన్ను కొవ్వూరు పంపారు. భర్త పోయిన మనిషిని పాస్‌వర్డ్ ఎలా అడగాలో బస్సులో రకరకాలుగా అనుకుని చూసుకున్నాను. ఏ రకమూ బాగాలేదు. వసారాలో మాస్టారి స్కూటరు మీద దుప్పటి కప్పి ఉంది. అమ్మగారు మంచినీళ్లిచ్చి కూర్చోమన్నారు. వచ్చిన పని చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"అయితే మీరూ పేరు తియ్యడానికే వచ్చారా బాబూ?"

నేను మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"రేషన్ డీలరు కార్డులో తియ్యించుకోమన్నాడు. గ్యాసు వాళ్లు నా పేరు మీదకి మార్చుకోమన్నారు. నిన్న పాలబ్బాయి కూడా అడిగాడు, అర లీటరు తగ్గించనా అని. పోనీ, మీ దగ్గరైనా ఒక మూల ఉండనివ్వకూడదా? తిండి పెట్టాలా, నీళ్లు పెట్టాలా?"

"చూస్తానండి," అన్నాను. ఆఫీసుల్లో ఆ మాటకి అర్థమేమిటో ఆవిడకి తెలియదు.

"ఆయన్ని ఏ నంబరు అడిగినా స్కూటరు నంబరే చెప్పేవారు. బీరువాకీ అదే, సూట్‌కేసుకీ అదే," అంటూ లేచి వెళ్లి దుప్పటి ఎత్తి చూపించారు. మూడు ఊళ్ల రోగుల గుట్టు దాచిన పాస్‌వర్డ్ ఇన్నాళ్లూ కొవ్వూరు వీధుల్లో పెట్రోలు పోయించుకుని తిరిగిందన్నమాట.

మర్నాడు ఆయన కుర్చీలో కూర్చుని ఆయన లాగిన్‌లోకి వెళ్లాను. ఆయన పోయిన వారంలో నేను పంపినవి మూడు, వరసగా ఉన్నాయి. మందుల ధరలకు సరే కొట్టాను. ఒప్పుకునే హక్కు అడ్మినిస్ట్రేటర్ గారికి కూడా ఇవ్వడానికి సరే కొట్టాను. మూడోది మాస్టారి పేరు తొలగింపు. కారణం దగ్గర నేను రాసిందే ఉంది: ఈ ఉద్యోగి ఇక లేరు. పంపేటప్పుడు అది ఒక గడి నింపడం మాత్రమే. ఆయన వైపు నుంచి చదివితే వేరేగా ఉంది. మళ్లీ ఆలోచించు అని టైపు చేసి తిప్పికొట్టాను.

తరవాత నా లాగిన్ తెరిస్తే, ఆయన పేరు మీద, ఆ రోజు తేదీతో, ఆ మాట నాకు వచ్చి ఉంది. ఏసీ ఎక్కువైందని నాకు నేనే చెప్పుకుని కాసేపు వరండాలో నిలబడ్డాను.

అమ్మగారికి ఫోన్ చేసి పేరు ఉంచామని చెప్పాను. "మంచిది బాబూ," అన్నారు. ఇంకేమీ అడగలేదు, ఫోన్ మాత్రం వెంటనే పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. ఎస్టీడీ కాదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పేరు ఇంకో రెండు నెలలు ఉంది. ఆ తరవాత తుని కౌంటర్లో కొత్తగా ఒక అమ్మాయి చేరింది. ఆమెకు లాగిన్ కావాలన్నారు, ఖాళీ లేదు. తొలగింపు రెండోసారి పంపాను, అడ్మినిస్ట్రేటర్ గారు సరే కొట్టారు. మా డేటాబేస్ లైసెన్సు ఇరవై మందికే.