బట్టలకు కాపలా

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో తెలుగువాళ్ళ ఇంటికి ఏ సర్కారు కాగితం వచ్చినా ముందు దశరథ్ కళ్ళ పడాల్సిందే. అన్మెల్డుంగ్ అనే చిరునామా నమోదు ఫారమైనా, కితా అనే చిన్నపిల్లల బడి దరఖాస్తైనా, బ్లూ కార్డు అనే ఉద్యోగ అనుమతి పొడిగింపైనా, "దశరథన్నకు పంపు, ఆయన చూస్తడు" అంటారు. ఆయన సొంతూరు జగిత్యాల దగ్గర. కార్ల గేర్‌బాక్సుల సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఆఫీసులో పద్నాలుగేళ్ళుగా పని. నలభై ఆరేళ్ళ వయసు, కొద్దిగా బొజ్జ, ఎవరినీ నొప్పించని నోరు. ఆయన నింపిన ఫారం తిరిగి రాదని పేరు.

ఆ పేరు వెనక ఒక సూత్రం ఉంది. వచ్చిన మొదటి ఏడాది ఏదో ఒక ప్రశ్నకు నిజాయితీగా 'నైన్', అంటే కాదు అని టిక్కు పెట్టాడు. దానికి ఇంకో కాగితం అడిగారు, ఆ కాగితానికి ఇంకో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, కావాలన్నారు, ఆ టెర్మిన్ కోసం మూడు నెలలు కాళ్ళరిగేలా తిరిగాడు. అప్పటి నుంచి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఒకటే మాట చెబుతాడు. "నైన్ అనే గడి దిక్కు చూడొద్దు తమ్మీ. అది పెట్టినవా, ఇంకో టెర్మిన్." పాపం, మోసబుద్ధితో చెప్పే మాట కాదు. ఒకసారి చెయ్యి కాలినవాడి జాగ్రత్త, అంతే.

ఆ జాగ్రత్తే ఆయన కొంప ముంచింది.

జనవరిలో ఒక ఆదివారం, కూతురు ఈషా ల్యాప్‌టాప్ తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. ఈషాకు పన్నెండేళ్ళు. పుట్టింది, పెరిగింది అక్కడే. తెలుగు ప్రతి ముక్కా అర్థమవుతుంది, జవాబు మాత్రం జర్మన్‌లో ఇస్తుంది. ఆ ఏడు మే నెలాఖరులో వచ్చే పింగ్స్టన్ పండగ సెలవులకు డొమినికన్ రిపబ్లిక్ వెళ్ళాలని ఇంట్లో నిర్ణయమైంది. కరీబియన్ సముద్రం, ఇసుక, కొబ్బరిచెట్లు. కానీ ఈషా కన్ను వాటి మీద లేదు. అక్కడ ఒక రోజంతా సాగే సాహసయాత్ర ఉంది. పొద్దున కొండల్లో నది మీద గాలి పడవలో రాఫ్టింగ్, మధ్యాహ్నం బురద దారుల్లో మోటారు బగ్గీ బండ్ల సవారీ. ఆ వీడియో ఈషా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

తల్లి ప్రవీణకు నడుము డిస్క్ జారి రెండేళ్ళయింది. "మీరిద్దరు పోయి రాండ్రి. నాకు ఇసుకల పండుకునుడే అడ్వెంచర్" అని ముందే చేతులెత్తేసింది.

ఆ యాత్ర ఫారం నింపడం మొదలైంది. పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, డ్రైవింగ్ లైసెన్సు అన్నీ అయ్యాయి. చివర ఒక ప్రశ్న. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలతో ఈత వచ్చిన తల్లో తండ్రో పడవలో ఉండాలి. మీకు ఈత వచ్చా?

దశరథ్ వేలు ఆలోచించకుండా 'యా', అంటే అవును అనే గడి మీద నొక్కింది.

"నాన్నా, నీకు ఈత రాదు కదా" అంది ఈషా జర్మన్‌లో.

"టిక్కే గద బిడ్డా. నైన్ పెడితే తీసుకోరు."

"అది అబద్ధం."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. కిటికీ తెరిచి ఉంది అన్నట్టు అంది. అక్కడి పిల్లలు అంతే. బడిలో మూడో తరగతి నుంచే ఈత నేర్పుతారు, ఇరవై ఐదు మీటర్లు ఈదితే జేపియర్డ్‌షెన్ అనే సముద్రపు గుర్రం బొమ్మ బిళ్ళ ఇస్తారు, అమ్మలు దాన్ని ఈత బట్టల మీద కుట్టిపెడతారు. ఈషాకు ఆ బిళ్ళ తర్వాత ఇంకో రెండు బిళ్ళలున్నాయి. వాళ్ళ లోకంలో ఈత వచ్చు, రాదు అనేవి రెండే సంగతులు. మధ్యలో టిక్కు పెట్టుకునే జాగా లేదు.

దశరథ్ చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత మనవాళ్ళకు మాత్రమే తట్టే ఉపాయం ఒకటి తట్టింది. "గట్లయితే ఇట్ల జేద్దాం. మే నెల దాంక నేర్చుకుంట. అప్పుడది అబద్ధం ఎట్లయితది? నిజమే అయితది."

ఈషా ఆలోచించి ఒప్పుకుంది. తన పాత ఈత కళ్ళద్దాలు కూడా తెచ్చి ఇచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దశరథ్‌కు ఈత రాకపోవడం బద్ధకం వల్ల కాదు. పుట్టినప్పుడు జాతకం రాసిన అయ్యగారు, పిల్లవాడికి జలగండం ఉంది, నీళ్ళ దగ్గరికి పోనివ్వొద్దు అన్నాడు. ఎన్నేళ్ళ వరకో ఆయన చెప్పలేదు, తల్లి అడగలేదు. దాంతో ఊళ్ళో ఈడు పిల్లలంతా నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావిలోకి ధబాలున దూకుతుంటే, దశరథ్ ఒడ్డున కూర్చుని వాళ్ళ అంగీలకు, లాగులకు కాపలా కాసేవాడు. వాళ్ళు తడి తలలతో పైకొచ్చి "ఏం రా, నావి ఏడబెట్టినవ్?" అంటే తీసి ఇచ్చేవాడు. ప్రతి ఎండాకాలం అదే ఉద్యోగం. తల్లి పోయి పదేళ్ళయింది, అయ్యగారూ పోయారు. గండం మాత్రం పోయిందని చెప్పేవాళ్ళు లేరు. ఇదంతా ప్రవీణకు తెలుసు. ఈషాకు ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మార్చిలో హాలెన్‌బాడ్‌లో, అంటే కప్పున్న ఈతకొలనులో, పెద్దవాళ్ళ ఈత తరగతికి చోటు దొరికింది. ఎనిమిది మంగళవారాలు. నేర్పే ఆమె ఫ్రావ్ హార్టల్, అరవై దాటినా గొంతు ఈల వేసినట్టుండేది. "నీళ్ళు మిమ్మల్ని మోస్తాయి, కాళ్ళు వదిలెయ్యండి" అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. నీళ్ళు మోస్తాయని ఇంజనీరు దశరథ్‌కు తెలుసు. ఆయన కాళ్ళకే తెలియదు. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, ఒక కాలు లేపి, రెండోది లేపబోయేవాడు. వెంటనే అడుగు నేల వెతుక్కునేది.

ప్రతి మంగళవారం సాయంత్రం ఈషా తలుపు దగ్గరే అడిగేది. "వస్తుందా?"

"వస్తున్నది బిడ్డా, వస్తున్నది."

ఎనిమిదో మంగళవారం నాటికి, నీళ్ళ మీద తేలే నురుగు పలక రెండు చేతులా పట్టుకుని, ఏడు మీటర్లు వెళ్ళి ఆగిపోయాడు. ఆ రోజు ఈషా అడిగిన ప్రశ్న వేరు. "ఇరవై ఐదు మీటర్లు అయిందా?" ఆశతో మెరుస్తున్న ఆ కళ్ళలోకి చూసి ఏడు అని చెప్పలేకపోయాడు. "ఆఁ, అయింది" అన్నాడు. ఈషా ఎగిరి మెడకు వేలాడింది. 

ఇప్పుడు నేనెవరినీ తిట్టబోవడం లేదు గానీ, తెలివైనవాడు చేసే తెలివితక్కువ పని అంటే ఇదే. టిక్కు అయితే ఎవడో కంపెనీవాడికి చెప్పిన అబద్ధం. ఇది పిల్లకు చెప్పింది.

సెలవులు వచ్చాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానమెక్కి పది గంటలు ప్రయాణం చేసి దిగారు. నాలుగో రోజు తెల్లవారుజామునే హోటల్ ముందు వ్యాను ఆగింది. ప్రవీణ ఇసుక మీద ఉండిపోయింది. తండ్రీ కూతుళ్ళు ఇంకో ఏడుగురు జర్మన్లతో కలిసి కొండల్లోకి వెళ్ళారు. నది కనపడక ముందే దాని మోత వినపడింది. ముందు రోజు వాన పడిందట. ఎర్రగా, నురగలు కక్కుతూ, బండల మీదుగా దూకుతోంది.

అందరికీ హెల్మెట్లు, లైఫ్ జాకెట్లు ఇచ్చారు. బూట్లు, సంచులు ట్రక్కులో పెట్టమన్నారు. ఆ ట్రక్కు కింద బగ్గీల దగ్గర కలుస్తుంది. గైడు యోలండా అనే ఆవిడ, జర్మన్ బాగా మాట్లాడుతోంది. వరసలో నిలబెట్టి ఒక్కొక్కరినీ కళ్ళలోకి చూసి అడిగింది. "ఫారంలో ఏం రాశారో నాకు అనవసరం. ఈత వచ్చా?"

యా. యా. యా. వరస దగ్గరికొస్తోంది.

ఈషా జాకెట్ బకిల్ పెట్టుకుంటూ తండ్రి వైపు చూసి నవ్వింది. నీళ్ళకు భయపడే తండ్రి తన కోసం ఈత నేర్చుకున్నాడన్న గర్వం ఆ నవ్వులో ఉంది. దశరథ్ ఆ సన్నటి మణికట్టు చూశాడు, నది చూశాడు. పిల్ల పడితే తీసేది ఎవరు? ఆ ప్రశ్న ఫారంలో ఎందుకు అడిగారో అప్పుడు అర్థమైంది. జనవరిలో అది ఆయనకు ఒక గడి మాత్రమే.

ఒక్క 'యా' చాలు. పద్నాలుగేళ్ళుగా నోటికి అలవాటైన మాట.

"నైన్" అన్నాడు. నది మోతలో ఆమెకు వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "నైన్. నాకు ఈత రాదు."

యోలండా తల ఊపింది. కోప్పడలేదు. అయితే మీరు ఎక్కడానికి లేదు, మీరు లేకుండా పాప ఎక్కడానికీ లేదు, ట్రక్కులో రండి అంది.

ఈషా నవ్వు ముఖం మీద అలాగే కాసేపు నిలిచి, తర్వాత పోయింది. "అయిందన్నావు కదా. ఇరవై ఐదు మీటర్లు అయిందన్నావు" అంది జర్మన్‌లో.  పిల్ల జాకెట్ విప్పి నేల మీద పడేసి, ట్రక్కు వెనక ఎక్కి అటు తిరిగి కూర్చుంది. పడవ కేకలతో నీళ్ళలోకి వెళ్ళింది. మలుపు తిరిగేదాకా ఆ కేకలు వినపడ్డాయి. ఈషా భుజాలు కదులుతున్నాయి. ఆమె ఏడుపు చూస్తే దశరథ్‌కు నదిలో దూకడమే నయం అనిపించింది.

ట్రక్కు కదిలింది. కుదుపులకు ఏడు జతల బూట్లు కలగాపులగంగా దొర్లుతున్నాయి. దశరథ్ వంగి వాటిని దగ్గరికి లాగి, పడిపోకుండా కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక తనకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముప్పై ఏడేళ్ళ తర్వాత, సముద్రాలు దాటి వచ్చి, మళ్ళీ అదే ఉద్యోగం.

అప్పుడు చెప్పాడు. పిల్ల వింటుందో లేదో చూడకుండా, ఆమె వీపుకు చెప్పాడు. అయ్యగారు చెప్పిన గండం, తల్లి భయం, బావి ఒడ్డు, అంగీలు, లాగులు. ఫ్రావ్ హార్టల్, పలక, ఏడు మీటర్లు. "తప్పు నాదే బిడ్డా. నీకు అబద్ధం చెప్పిన. రాదని చెప్పనీకి సిగ్గయింది."

 తర్వాత ఈషా ముక్కు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. "ఒక్కసారి కూడా దిగలేదా?"

"ఒక్కసారి గూడ దిగలే."

ఈషా కిందికి జరిగి కూర్చుని బూట్లు జతలు జతలుగా పెట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం బగ్గీల వంతు వచ్చింది. జలగండం ఉందన్నారు గానీ, బురద గండం ఉందని దశరథ్‌కు ఎవరూ చెప్పలేదు. నాటుకు దున్నిన పొలాల్లో చిన్నాయన ట్రాక్టరు మీద తిరిగినవాడాయన. బురదలో బ్రేకు వెయ్యకూడదని, స్టీరింగు ఊరికే తిప్పకూడదని, ఒకే ఊపులో పోనివ్వాలని ఆయన చేతులకు తెలుసు. ముందు వెళ్ళిన జర్మన్లు మొదటి గుంటలోనే దిగబడి చక్రాలు గిర్రున తిప్పుతుంటే, దశరథ్ బండి వాళ్ళ పక్క నుంచి సాగిపోయింది. పక్క సీట్లో ఈషా నెత్తి నుంచి కాళ్ళ దాకా బురదైపోయి, "ఇంకా, నాన్నా, ఇంకా" అని గొంతు చించుకుంది. పొద్దుటి పడవకు ఇది సాటి కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా నవ్వారు.

తిరిగొచ్చాక దశరథ్ మళ్ళీ తరగతికి పేరిచ్చాడు. ఖాళీ శరత్కాలానికి గానీ లేదన్నారు. ఆయన సరేనని ఊరుకున్నాడు. ఈషా ఊరుకోలేదు.

జులైలో ఒక ఆదివారం పొద్దున తండ్రిని చెయ్యి పట్టుకుని కొలనుకు తీసుకెళ్ళింది. చిన్నపిల్లలు నేర్చుకునే కొలను, నడుము లోతు. ఐదేళ్ళ పిల్లలు కప్పల్లా దూకుతున్నారు. దశరథ్ మెట్ల దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి, తువ్వాలు మడిచి, మళ్ళీ విప్పి, ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూస్తున్నాడు. కాలయాపన అని చూసేవాళ్ళెవరికైనా తెలుస్తుంది.

ఈషా అవన్నీ ఆయన చేతుల్లోంచి తీసుకుంది. కొలను అంచున కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు దిగు నాన్నా" అంది తెలుగులో. "బట్టలకు నేను కాపలా ఉంట."

దశరథ్ దిగాడు. ఒక కాలు లేపాడు. కాసేపాగి రెండోది కూడా లేపాడు.