మా అమ్మ తెచ్చుకున్న టిల్త్

మొన్న ఆదివారం బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా మేనకోడలు ఫోనులో ఇంగ్లీషు గళ్ళనుడి పూరిస్తూ, బాగా సేద్యం చేసిన నేల తీరును చెప్పే అయిదక్షరాల మాట ఏమిటని ఇంటిల్లిపాదినీ అడిగింది. కంప్యూటర్లతో బతికే దాని మొగుడూ అతని స్నేహితులూ తలలు గోక్కుంటుంటే, నేను పకోడీ నములుతూనే ‘టిల్త్’ అన్నాను. ఆ మాట నాకు నిఘంటువులో దొరకలేదు, ఆనేకల్ దగ్గరి మా చామంతి పొలంలో దొరికింది.

తొంభైలలో మేము నగర్తపేటలో ఉండేవాళ్ళం. నాన్న కొట్టు చూసుకుంటే, అమ్మ పొలం చూసుకునేది. ఆ నేల ఎంత గుల్లగా ఉండేదంటే, ఒకసారి మా చిన్నాయన చెప్పు అందులో దిగబడి ఇప్పటికీ పైకి రాలేదు. నమ్మనివాళ్ళకి రెండో చెప్పు చూపిస్తాను.

ఆ చిన్నాయనే ఒక ఏడు, వాన వెలిసిన మర్నాడే బాడుగ ట్రాక్టరు పట్టుకొచ్చాడు. “నేలింకా పచ్చిగా ఉండాది, పదునుకు రానీప్పా” అని అమ్మ అడ్డం వెళితే, “ట్రాక్టరు మళ్ళీ దొరకద్దా వదినా, పక్కకి జరుగు” అని దున్నించేశాడు. నాలుగు ఎండలకు చాళ్ళన్నీ ఇటుకలైపోయాయి. ఊళ్ళో ఒకాయన ఆ పెళ్ళలను ఇంటి పునాదికి అడిగాడంటే నేను కోతలు కోస్తున్నాననుకోకండి. ఇక ఈ నేల చచ్చింది, లేఅవుట్ వాళ్ళకి అమ్మేద్దామన్నాడు చిన్నాయన. నాన్న కూడా మెత్తబడ్డాడు. అమ్మ ఒక్క ఏడాది గడువు అడిగింది. ఆ మరుసటి పంటకూ చామంతి రాకపోతే తానే ముందు సంతకం పెడతానంది.

ఆ ఏడాది ఆమె పూల జోలికే పోలేదు. జనుము చల్లి, పూతకు రాగానే నేలలో కలియదున్నించింది. గొర్రెలవాళ్ళను బతిమాలి, ఎరువు కోసం రాత్రిళ్ళు మందను మా పొలంలోనే కట్టించింది. “ఏం వదినా, ఇంక పూలకు బదులు పెంటికలు మాల కడతావా?” అని చిన్నాయన దెప్పితే, “మొదటి మాల నీ మెడకే వేస్తా, ఉండప్పా” అంది.

మరుసటి ఏడు పదును చూసి దున్నించాక, మా వీధిలో ఉండే గుంటూరు టీచరమ్మ చర్చి పండక్కి పూలు ముందే మాట్లాడుకోవడానికి పొలానికొచ్చింది. ఆవిడ పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్దయింది, వేలితో పొడిస్తే పొలపొలా రాలింది. దీన్ని ఇంగ్లీషులో టిల్త్ అంటారనీ, అది మట్టికి పేరు కాదు, మనిషి సేద్యంతో మట్టికి వచ్చిన తీరుకు పేరనీ, ‘నేల మంచి టిల్త్‌లో ఉంది’ అని వాడాలనీ చెప్పింది. అమ్మ ఆ మాటను రెండు మూడుసార్లు పలికి చూసుకుని, “ఇంత చిన్న మాటా? నాకు ఏడాది పట్టింది కదమ్మా!” అంది. ఆ పంటకు చామంతి ఎంత విరగబూసిందంటే, తొలి గంప చిన్నాయనే నెత్తినెత్తుకుని మార్కెట్టుకు తీసుకెళ్ళాడు. లేఅవుట్ ఊసు మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

పొలం ఇప్పటికీ మాదే, అమ్మ లేకపోయినా చామంతి పూస్తూనే ఉంది. కానీ నాలుగు వైపులా లేఅవుట్ల గోడలు లేచాయి, ఎరువు బస్తాల్లో వస్తోంది. నిరుడు ఒకసారి మంద కట్టించాలని గొర్రెలవాళ్ళకి ఫోను చేస్తే, “ఏ దావన తోలుకు రావాలప్పా?” అని అడిగారు. జీవితంలో ఎక్కడా మాటకు తడుముకోని నేను, ఆ ఫోను పెట్టేసి మళ్ళీ ఎరువు బస్తాల కొట్టుకే ఫోను చేశాను.