ఐర్లండ్ గాలి మీద నేను వేసిన నింద

మల్కాపురంలో మా చుట్టాల్లో ఎవరిని కదిపినా ఈ కథ చెబుతారు. నేను ఐర్లండ్‌లో ఒంటరిగా మోటార్‌సైకిల్ మీద తిరుగుతుంటే సముద్రపు గాలి నన్ను బండితో సహా ఎత్తి గోడ పక్కన పడేసిందట. చెప్పింది నేనే. పెళ్లిళ్లలో చెప్పాను, బారసాలల్లో చెప్పాను, పోర్టులో నేను నడిపే క్రేన్ పక్కన టీ తాగుతూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ గాలి కొంచెం పెరిగింది. చివరికి రెండు గొర్రెలు కూడా ఎగిరాయి. ఇందులో గోడ నిజం. గొర్రెలూ నిజమే గానీ ఎగరలేదు. గాలి మాత్రం పచ్చి అబద్ధం. ఆ అబద్ధం వల్ల మా మేనకోడలి ప్రయాణం ఆగిపోయే దాకా వచ్చింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అక్కడా బండి ఎడమవైపే నడుపుతారన్న ఒక్క ధైర్యంతో నేను ఐర్లండ్‌ని ఎంచుకున్నాను. వెళ్లాక తెలిసింది, ఎంచుకోవడానికి ఇంకా చాలా కారణాలున్నాయని. వాన అనలేం, మంచు అనలేం, ఏదో ఒక తడి రోజంతా మొహాన్ని తుడుస్తూ ఉండేది. రోడ్డుకి రెండు పక్కలా రాతి గోడలు, వాటి వెనక వీపు మీద నీలం రంగు, ఎర్ర రంగు పూసిన గొర్రెలు. ఎదురొచ్చిన ప్రతి ట్రాక్టరు మనిషీ స్టీరింగ్ మీంచి ఒక్క వేలు ఎత్తి పలకరించేవాడు. రెండో రోజుకి నేనూ వేలెత్తడం నేర్చుకున్నాను. ఇక్కడ మా గోపాలపట్నం జంక్షన్‌లో అలా వేలెత్తితే బండి ఆపి, గొడవేంటని అడుగుతారు.

అంత సంతోషంలోనూ లోపల ఒక ముల్లు. మా ఇళ్లలో కొత్త బండి చేతికొస్తే నేరుగా సింహాచలం తీసుకెళతాం. పసుపు, కుంకుమ, దండ అయ్యాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కించాకే రోడ్డెక్కుతాం. అద్దె బండికీ అది కావాలా అని నేను ఎవరినీ అడగలేదు. డబ్లిన్‌లో బండి ఇచ్చిన మనిషి గేటు దగ్గరే నిలబడి చెయ్యి ఊపుతుంటే, అతని ముందు పూజ చెయ్యడానికి సిగ్గేసి అలాగే వచ్చేశాను. అప్పటి నుంచి ప్రతి మలుపులోనూ సింహాచలం అప్పన్న స్వామి నా వైపే చూస్తున్నట్టుండేది.

పడమటి తీరం చేరాక ఒక దుకాణంలో నిమ్మకాయలు కనిపించాయి. రెండు కొన్నాను. ఊరు దాటి, మనుషులెవరూ లేని చోట గోడ పక్కన గడ్డి మీద బండి ఆపాను. చక్రానికొకటి పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఎక్కి ముందుకి పోనిచ్చాను.

మన నిమ్మకాయ టైరు తగలగానే చితికిపోతుంది. అక్కడివి కోడిగుడ్డుకన్నా పెద్దవి, తొక్క తోలులా ఉంటుంది. చితకలేదు, దొర్లింది. కింద తడి గడ్డి. ముందు చక్రం పక్కకి జారి, అంత బరువు బండీ నేనూ కలిసి బురదలో పడ్డాం. గొర్రెలు మేత ఆపి చూశాయి.

కాసేపటికి ట్రాక్టరు మీద ఒక పెద్దావిడ వచ్చింది. ఇద్దరం కలిసి బండి లేపాం. ఆవిడ బురదలోంచి నిమ్మకాయ తీసి, ఇదేమిటని అడిగింది.

"దేవుడికి. క్షేమంగా ఉండాలని," అన్నాను, వచ్చిన ఇంగ్లీషులో.

ఆవిడ నన్నూ, బురదనూ, వాస్తున్న నా మణికట్టునూ చూసి, "అయితే అర్జీ ఇంకా అందినట్టు లేదు," అంది. తర్వాత ఇంటికి తీసుకెళ్లి టీ ఇచ్చింది.

ఆ సాయంత్రం మా ఆవిడ వీడియో కాల్‌లో నా చేతికట్టు చూసి ఏమైందంది. నిమ్మకాయ అనడానికి నోరు రాలేదు. "గాలి" అన్నాను. అంతే.

ఆ కథని అందరికన్నా శ్రద్ధగా విన్నది మా చెల్లెలి భర్త, మా బావ. ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లే మనిషికి గాలి అంటే వేళాకోళం కాదు. అందుకే ఈ మధ్య వాళ్ల అమ్మాయి, ఉద్యోగం చేసుకుంటూ పెద్ద బండి నడిపే పిల్ల, తనూ ఐర్లండ్‌లో ఒంటరిగా తిరిగొస్తానంటే ఒకే మాట అన్నాడు. "మీ మావనే ఎత్తి పడేసిన గాలి. నువ్వెంత?"

ఆ పిల్ల నా దగ్గరకొచ్చింది. "మావా, నువ్వు సెప్తేనే నాన్న ఇంటాడు. అంత గాలి రోజూ ఉండదని సెప్పవా?"

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. బావ అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు.

"బావా, నన్ను పడేసింది గాలి కాదు."

"మరేటి?"

"నిమ్మకాయ."

వంటింట్లోంచి మా చెల్లెలు గరిటెతో సహా బయటకొచ్చింది. మొత్తం చెప్పాను. బావ నవ్వలేదు.

"పడవ మీద అందరికీ సెప్పీసినాను బావా. అంత గాలిలో బండి తోలినోడు మా బావ అని. ఇప్పుడేటి సెప్పమంటావు?"

తల దించుకున్నాను. మళ్లీ ఎత్తేసరికి అతని భుజాలు కదులుతున్నాయి. మనిషి నవ్వాపుకోలేక వల వదిలేశాడు.

"ఒసే, ఇన్నావేటే! మీ అన్నియ్య నిమ్మకాయ మీంచి జారిపడ్డానికి అంత దూరం ఎల్లినాడంట!"

"మరి నాను ఎల్లనా నాన్నా?" అంది గుమ్మంలోంచి పిల్ల.

"ఎల్లు. పూజ మాత్రం ఇక్కడే, సింహాచలంలో, నీ బండికే సేయించుకుని ఎల్లు. అక్కడ కాయా లేదు, పండూ లేదు."

అలాగే వెళ్లింది. మొన్న అందరం బావ ఇంట్లో ఉండగా పడమటి తీరం నుంచి వీడియో కాల్ చేసింది. జుట్టంతా మొహం మీదే ఉంది, మాట సగమే వినిపిస్తోంది.

"మావా! ఇక్కడ గాలి నిజంగానే నిలబడనివ్వట్లేదు!"

బావ మెల్లగా నా వైపు తిరిగాడు. "ఇదేటి బావా మళ్లీ?"

"ఒట్టు బావా," అన్నాను. "నేను వెళ్లినప్పుడు లేదు."