మా తాత కట్టని గడియారం

ఒక చేతి గడియారం కొనాలా వద్దా అన్న చిన్న ప్రశ్నతో ఒక మనిషి తన పరువునూ, తన వేసవి నిద్రనూ, చనిపోయిన తండ్రి మంచిపేరునూ ఒకే వారంలో బజారున ఎలా పెట్టగలడో మీకు తెలియకపోతే, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకోండి. ఆ మనిషిని నేనే. అప్పటికి నాకు ముప్పై దాటాయి. నందిగామలో ఒక ప్రైవేటు ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ని, కాపురం జగ్గయ్యపేటలో. వయసు, చదువు, ఉద్యోగం మూడూ ఉన్నాయి కాబట్టి తెలివి కూడా ఉండే ఉంటుందని జనం అనుకునేవారు. జనం మంచివాళ్ళు.

జబ్బు ఫోనులోంచి అంటుకుంది. పొద్దున పేట నుంచి నందిగామకు, సాయంత్రం నందిగామ నుంచి పేటకు బస్సులో కూర్చుని వీడియోలు చూసేవాణ్ణి. వాటిలో ఒక గడ్డపాయన చేతి గడియారాన్ని పురిటిబిడ్డలా పట్టుకుని, ఇది హెరిటేజ్ స్టైల్ మెకానికల్ క్రోనోగ్రాఫ్ అని గొంతు తగ్గించి చెప్పాడు. అదేమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతాను. దానికి బ్యాటరీ ఉండదు, రోజూ మర తిప్పి కీ ఇవ్వాలి. పెద్ద ముఖంలో రెండు చిన్న ముఖాలుంటాయి. పక్కన పుట్టగొడుగుల్లాంటి రెండు మీటలు. ఒకటి నొక్కితే పొడుగాటి ముల్లు పరుగందుకుంటుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. రెండోది నొక్కితే బుద్ధిమంతుడిలా మొదటికి వచ్చి నిలబడుతుంది. ఈ పనంతా నా ఫోను ఉచితంగానే చేస్తుంది. కాని ఫోను కొత్తగా కనిపిస్తుంది, అదీ దాని నేరం. ఈ గడియారం పుట్టుకతోనే ముసలిది. అంకెలకు కావాలని టీ మరక రంగు వేస్తారు, అద్దాన్ని పాతకాలపు పద్ధతిలో ఉబ్బుగా చేస్తారు. నాన్న ఇనప్పెట్టె ఒక్కటి తప్ప మా ఇంట్లోని అసలైన పాత సామానంతా తూకానికి అమ్మేసిన నేను, కొత్తగా తయారుచేసిన పాతదనం కోసం రెండు నెలల జీతం పెట్టడానికి తయారయ్యాను. దీన్ని అభిరుచి అంటారని ఆ గడ్డపాయనే సెలవిచ్చాడు.

కొన్నానా అంటే కొనలేదు. కొనడానికి ధైర్యం కావాలి, మానడానికి బుద్ధి కావాలి. రెండూ లేనివాడు ఏం చేస్తాడు? ఆలోచిస్తాడు. పట్టీ గోధుమ రంగుదా, నల్లదా? ములక్కాడలాంటి నా మణికట్టు మీద అంత పళ్ళెం నిలుస్తుందా? కాలేజీలో లోలకం ప్రయోగానికి స్టాప్‌వాచీ కావాలి కాబట్టి ఇది విద్యార్థుల మేలు కోసమేనని కూడా ఒకరోజు తేల్చుకున్నాను. ల్యాబులో అరడజను స్టాప్‌వాచీలు ఉన్న సంగతి ఆ రోజు గుర్తు రాలేదు. అసలు చిక్కు ఇంట్లో ఉంది. ఈ వేసవికి ఇన్వర్టరు కొందామని నా భార్య సునీతా, నేనూ కూడబెడుతున్నాం. ఆమె స్కూల్లో పిల్లలకు చదువు చెప్పి వచ్చి, కరెంటు పోయిన ఇంట్లో వంట చేసే మనిషి. ఆమె ముందు టీ మరకల అందం గురించి మాట్లాడే దమ్ము నాకు లేదు.

పేటలో వాచీలూ మొబైళ్ళూ అమ్మే ఖాదర్ భాయ్ నాకు పాత స్నేహితుడు. ఎవరో అడిగితే అచ్చం అలాంటిదే ఒకటి తెప్పించాడట, అడిగినవాడు మొహం చాటేశాడట. నేను వారం రోజులు ఆ అద్దాల బల్ల ముందు నిలబడి దాన్ని చూసీ చూసీ వెళ్ళిపోతుంటే ఆయనకు విసుగొచ్చింది.

"మాస్టారూ, పెళ్ళిచూపులకైనా ఇన్నిసార్లు రారు. కట్టుకుని తీసుకుపోండి. సోమవారానికి వాచీ అయినా తెండి, డబ్బులైనా తెండి" అన్నాడు.

కట్టుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త గడియారం కట్టినవాడు పొద్దు తప్ప ఇంకేమీ ఎరగడు. దారిలో నన్నెవరూ టైమడగకపోయినా ఇద్దరికి చెప్పాను. ఎండాకాలం మొదలైనా పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చానని, గుమ్మంలోకి రాగానే ఆ చేతినే పైకి మడిచానని తరవాత సునీత చెబితే తెలిసింది.

"ఏంటండీ అది చేతికి?"

ఇక్కడ ఒక్క మాట నిజం చెబితే సరిపోయేది. చూద్దామని తెచ్చా, నచ్చకపోతే ఇచ్చేస్తా అంటే నాలుగు చివాట్లు పెట్టి అన్నం పెట్టేది. నేను వాచీ వంక చూశాను. అది పాతగా ఉంది. నా బుర్రలో పురుగు మెలికపడింది.

"మా తాతది" అన్నాను.

"ఏ తాత? పెనుగంచిప్రోలు తాతా? చర్చి గంట కొట్టేవారు, ఆయనా? ఆయనకి వాచీ ఎక్కడిదండీ?"

"గంట కొట్టేవాడికి టైం తెలియొద్దా? చర్చి కట్టించిన మిషను దొరగారు దేశం వెళ్ళిపోతూ ఇచ్చారంట. నాన్న ఇనప్పెట్టెలో అడుగున దొరికింది."

ఇన్నేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను, ఒక్క సూత్రాన్నీ అంత చక్కగా వివరించలేదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నవాడికైనా కనీసం నేతి తాతలుండేవారేమో. నేను ఏకంగా మా తాతకు గడియారం కట్టి, నా మణికట్టు వాసన చూడమన్నాను. సునీత వాసన చూసింది. నమ్మింది. కళ్ళు తుడుచుకుంది కూడా. నా చెయ్యి పట్టుకుని ఫోటో తీసి, 'తాతగారి జ్ఞాపకం' అని రాసి, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

మర్నాడు తెల్లారేసరికి మా యోహాను బాబాయి ఆటో మా వీధిలో ఆగి ఉంది. పెనుగంచిప్రోలు నుంచి పేటకు ఆటో నడుపుతాడాయన. మా నాన్నకు తమ్ముడు. సునీత టీ ఇస్తే ముట్టలేదు. బాబాయి టీ వద్దన్నాడంటే చావుకబురైనా అయి ఉండాలి, ఆస్తి తగువైనా అయి ఉండాలి.

"ఒరే సుధాకరూ, మీ నాన్న ఎట్టాంటోడు? మా నాన్న ఇత్తడి చెంబు ఎవరికి రావాలో తేలక, అది అమ్మి మా ముగ్గురికీ సమానంగా పంచాడు. ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అట్టాంటోడు ఇంత వస్తువుని పెట్టెలో దాచాడంటే నేనేం అనుకోవాలి?"

నా అబద్ధానికి ఇలాంటి కొమ్మ ఒకటి మొలుస్తుందని నేను అనుకోలేదు. మా నాన్న పోయి మూడేళ్ళు. ఆయన నాకు పొలం ఇవ్వలేదు, ఇల్లివ్వలేదు, సమానంగా పంచేవాడన్న ఆ పేరొక్కటే ఇచ్చాడు. దాన్ని నేను టీ మరకల గడియారానికి తాకట్టు పెట్టేశాను. అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పాను కూడా.

"నాన్నకి గుర్తుండి ఉండదు బాబాయ్" అన్నాను.

"ఇంత మెరిసేది గుర్తుండదా?" అని బాబాయి లేచాడు. "ఆదివారం కూడికకి పట్రా. మార్తక్క కూడా ఉంటది. అమ్మ ముందే తేల్చుకుందాం."

ఏటా ఆ రోజుల్లో మా తాత జ్ఞాపకార్థ కూడిక జరుగుతుంది. షామియానా వేసి, ఫోటోకు దండ వేసి, పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పాక కోడికూరతో భోజనాలు పెడతారు. నేను పరుగున ఖాదర్ భాయ్ దగ్గరికి పోయి, బాబూ, ఈ వాచీ ఇప్పుడే తీసేసుకో అన్నాను. ఆయన సంగతంతా విని, నవ్వు ఆపుకోడానికి కాసేపు బల్ల తుడిచాడు.

"తీసుకుంటా మాస్టారూ. రేపు మీ బాబాయి వచ్చి, మా నాన్న వాచీ నీ షాపులో ఏం చేస్తందయ్యా అంటే, నేనేం చెప్పాలి? మనవడు అమ్ముకున్నాడని చెప్పనా?"

దాచిన దొంగ కొడుకు కాస్తా అమ్ముకున్న దొంగ అవుతాడు. వాచీ మళ్ళీ కట్టుకుని ఇంటికొచ్చాను. అడుసు తొక్కినవాడు కాలు కడుక్కోవచ్చు, నేను మెడదాకా దిగి ఉన్నాను.

ఆదివారం పెనుగంచిప్రోలులో తాత ఫోటో ముందు, దండ పక్కన, తెల్లటి గుడ్డ మీద గడియారాన్ని పెట్టారు. అక్కణ్ణుంచి అసలు విడ్డూరం మొదలైంది. అందరికీ ఆ వాచీ గుర్తొచ్చింది. మా మార్తమ్మత్త, నాన్నకు చెల్లెలు, మిరపకాయల కోతలకు ఆడకూలీల ముఠాను తీసుకెళుతుంది, తొంభైకి చేరిన మా నాన్నమ్మను కూడా ఆవిడే చూసుకుంటుంది. తాత చెయ్యెత్తి గంట తాడు లాగుతుంటే ఎండకి అది తళుక్కుమనేదని చెప్పి ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. బాబాయి ఒక మెట్టు పైకెక్కాడు. తన చిన్నప్పుడు తాత చెంపదెబ్బ కొడితే ఈ వాచీయే తగిలిందని బుగ్గ మీద మచ్చ చూపించాడు. అది సైకిలు మీంచి పడ్డ మచ్చ అని ఊరందరికీ తెలుసు, కాని ఆ పూట ఊరు కూడా తల ఊపింది. అయ్యగారు సమయం విలువ మీద వాక్యం మొదలుపెట్టారు. ఎంతసేపు చెప్పారో కచ్చితంగా కొలిచే సాధనం ఎదురుగానే ఉంది. దాని మీట నొక్కాలని నా వేలు దురద పెట్టింది. అంత సిగ్గులోనూ దురద పెట్టింది చూడండి, అదీ నా బతుకు.

ప్రార్థన అయ్యాక బాబాయి గొంతు సవరించుకున్నాడు. అమ్మా, ఇది నాన్నదేనా, అన్న దాచింది నిజమేనా చెప్పమన్నాడు. షామియానా కింద కుర్చీలు ముందుకు జరిగాయి. నాన్నమ్మకు చూపు సరిగా ఆనదు. వాచీని చేతిలోకి తీసుకుని, తడిమి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. నా గుండె చప్పుడు, దాని చప్పుడు కలిసి ఆమెకు వినిపిస్తున్నాయనిపించింది. కాదు అంటే నేను అబద్ధాలకోరును. అవును అంటే మా నాన్న దొంగ. అప్పుడు కూడా నేను లేచి నిలబడలేదని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, కాని రాయాలి.

"ఆయనదే" అన్నది నాన్నమ్మ.

నేను కుర్చీలోంచి జారబోయి ఆగాను.

"పెద్దోడు దాచలా. మీరు కొట్టుకుంటారని నేనే దాచమని ఇచ్చా. మార్తకి ఇవ్వమని మీ నాన్న పోయేముందు చెప్పాడు. ఇచ్చేలోపు పెద్దోడే పోయాడు. ఇదిగో మార్తా, పట్టు."

మార్తమ్మత్త రెండు చేతులూ చాపి అందుకుంది. ఆవిడకు ఆ ఇంట్లో చెంబు డబ్బులూ, చాకిరీ తప్ప ఏదీ వాటాగా వచ్చి ఎరగదు. బాబాయి ఫోటోల దగ్గరికి పోయి, తాత పక్కనున్న మా నాన్న ఫోటో ముందు నిలబడి, నిన్ను అనుమానించా అన్నా అని చెంపలేసుకున్నాడు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అందరికంటే ఎక్కువగా, రెండు నెలల జీతమంత ఏడ్చాను.

భోజనాలయ్యాక నాన్నమ్మ మంచం దగ్గర కూర్చున్నాను. నా మూర్ఖత్వానికి అడుగెక్కడో చూడాలనుకునేవాళ్ళు ఈ మాట జాగ్రత్తగా వినండి. అంతమంది అంత గట్టిగా గుర్తు చేసుకునేసరికి నాకు కూడా అనుమానమొచ్చింది.

"నాన్నమ్మా, తాతకి నిజంగానే వాచీ ఉండేదా?"

"మీ తాతకి వాచీ ఏంట్రా" అన్నది ఆవిడ వక్క నములుతూ. "పేట నుంచి పొద్దుటి బస్సొచ్చి హారను కొడితే, ఆయన గంట కొట్టేవాడు. ఓ ఆదివారం బస్సు చెడిపోతే ఆరాధన మిట్టమధ్యాన్నం జరిగింది. దొరగారికి కూడా అంతుపట్టలా."

"మరి నువ్వెందుకు..."

"చచ్చిపోయినోడికి నువ్వు వాచీ కట్టావు. నా పెద్దకొడుకుని దొంగని చేశావు. నేను వాణ్ణి బయటికి తెచ్చుకున్నా. ఖర్చు నీది."

సోమవారం ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఏం నిర్ణయించుకున్నారు మాస్టారూ అని అడిగాడు. కొంటున్నా భాయ్, వాయిదాలు పెట్టు అన్నాను. మంచిది, ఏదీ చూద్దాం అన్నాడు. బోసి మణికట్టు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇట్టాగే బాగుంది మాస్టారూ" అన్నాడు.

సునీతకు ఆ రాత్రే అంతా చెప్పేశాను. నవ్వుతుందేమోనని భయపడ్డాను, నవ్వలేదు, ఇంకా భయం వేసింది. "మీ తాత గంట కొట్టారు, మీరు డబ్బా కొట్టారు" అని ఒక్క మాట అని అటు తిరిగి పడుకుంది. ఇన్వర్టరు వచ్చే ఏటికి వాయిదా పడింది. ఆ వేసవంతా కరెంటు పోయినప్పుడల్లా, చీకట్లో విసనకర్ర చప్పుడు మధ్య, "టైమెంతయిందండీ?" అని తీరిగ్గా అడిగేది.

గడియారం మాత్రం సుఖంగా ఉంది. మిరప చేలో మార్తమ్మత్త చేతికి ఉంటుంది. ముఠా టీకి కూర్చోగానే మీట నొక్కుతుంది, చిన్న ముఖంలో ముల్లు పావుగంటకు రాగానే లెండమ్మా అంటుంది. నేను నెలల తరబడి చూసిన ఆ వీడియోల్లో ఎవరూ దాన్ని అంత పద్ధతిగా వాడలేదు. టీ మరకల అంకెల మీద ఇప్పుడు నిజం టీ మరక కూడా ఒకటి పడిందట.

మరుసటి ఏడు కూడికలో నాన్నమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. చెవి వంచాను.

"ఒరే, మీ నాన్న పెట్టె ఇంకోసారి వెతకరాదూ" అన్నది. "యోహానుకి ఏమీ రాలా. అడుగున ఏదన్నా దొరుకుద్దేమో చూడు."

కాబట్టి, తాత ఫోటో సాక్షిగా, ఖాదర్ భాయ్ చివరి వాయిదా రసీదు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చనిపోయినవారి ఒంటి మీద ఇకపై ఏ వస్తువూ పెట్టను. నాన్న పెట్టె మూత ఎత్తను. ఏ గడియారం ముందూ ఆగి నిలబడను. నందిగామ బస్టాండులో ఎవరైనా టైమెంతయిందని అడిగితే, పేట బస్సు హారను కొట్టిందా అని అడుగుతాను. మా వంశానికి వచ్చిన గడియారం అదొక్కటే.