గడియ పెట్టి వెళ్ళమ్మా

మాది అద్దంకి దగ్గర పల్లె. పద్నాలుగేళ్ల మా కరుణ మాటిమాటికీ ఇంట్లోంచి పారిపోయేది, అడ్డొస్తే కొట్టేది. గదిలో పెట్టి గడియ వేస్తే తలుపు తన్ని చెక్క ఊడగొట్టింది. చివరికి ఎప్పుడూ తాళం వేసి ఉండే ఆడపిల్లల హోంలో చేర్చాం.

ఎనిమిది నెలలకు ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున నేను మిరప కోతకు బయలుదేరుతూ, “తలుపు తీసే ఉంచుతున్నానమ్మా, నీ మీద నమ్మకంతో” అన్నాను.

అది చేతులు కట్టుకుని నిలబడింది. “గడియ పెట్టి వెళ్ళమ్మా. తీసుంటే భయమేస్తోంది.”

“ఎవరంటే భయమే?”

“నేనంటేనే.”

ఆ రోజు కూలి మానేసి గడపలోనే కూర్చున్నాను. పిల్ల బాగుపడిందని ఊరంతా అంటున్నారు. మరి ఆ గడియ పీకించాలో, ఉంచాలో నాకింకా తేలడం లేదు.