ఒక సైజు పెద్దది

తిరుపాలు ఖతార్‌లో ఇంటి డ్రైవరుగా చేరి పదకొండేళ్ళు. దోహా శివార్లలోని మెసైమీర్‌లో అదే ఇల్లు, అదే గేటు, గేటు పక్కన అదే గది. బండ్లు మాత్రం మూడు మారాయి. రైల్వే కోడూరు దగ్గరి పల్లె నుంచి బయల్దేరిన రోజు కూతురు శ్యామలకు మూడేళ్ళు. ఇప్పుడు పద్నాలుగు. ఈ మధ్యలో ఆ పిల్లను అతను చూసింది అయిదు సెలవుల్లో. మిగతాదంతా ఫోన్లోనే.

సెలవుకు పోయేటప్పుడూ, ఊరికి పోయేవాళ్ళ చేత పంపేటప్పుడూ అతను కూతురి కోసం కొనేవన్నీ ఒక సైజు పెద్దవే. అది అతనొక్కడి పద్ధతి కాదు. దుకాణంలో పిల్ల వయసు చెప్పి, దానికి ఒకటి కలిపి అడగటం ఇక్కడి డ్రైవర్లందరికీ అలవాటే. పెట్టె ఎప్పుడు చేరుతుందో తెలియదు, పిల్ల ఈలోపు ఎంత ఎదుగుతుందో తెలియదు. చిన్నదైతే ఎవరికో ఇచ్చెయ్యాలి. పెద్దదైతే వచ్చే ఏడాదికైనా పనికొస్తుంది. ఆ లెక్కన తిరుపాలు ఎన్నడూ నష్టపోలేదనే అనుకునేవాడు.

యజమాని కూతురు శిఫాను ఆది, మంగళవారాల్లో షూటింగ్ రేంజికి తీసుకుపోవటం ఆరేళ్ళుగా అతని డ్యూటీ. మొదటి రెండేళ్ళు బండిలోనే కూచునేవాడు. ఒకరోజు ఆ పిల్ల మరిచిపోయిన నీళ్ళ సీసా ఇవ్వటానికి లోపలికి పోతే, గార్డు అద్దం వెనక బెంచీ చూపించి కూర్చోమన్నాడు. అప్పట్నుంచి అతని చోటు అదే. పది మీటర్ల అవతల కాగితం మీద గుండ్రటి నల్లచుక్క. ఇవతల ఒంటి చేత్తో పిస్టల్ చాచి నిలబడ్డ పిల్లలు. చేతిలో నిలకడ లేదనిపించినప్పుడు కాల్చకుండా దించేసి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తే పిల్లే మంచి షూటరని ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది.

ఆ కబుర్లన్నీ ఫోన్లో కూతురికి చెప్పేవాడు. వింటూ వింటూ ఉన్న పిల్ల, తిరుపతి షూటింగ్ క్లబ్బుకు ఎవరు పోతారని బళ్ళో డ్రిల్లు టీచరు అడిగిన రోజు చెయ్యెత్తింది. అప్పట్నుంచి శని, ఆదివారాలు బస్సెక్కి తిరుపతి పోయి వస్తోంది.

క్లబ్బులో ముగ్గురు ఆడపిల్లలకు కలిపి ఒకే పిస్టల్ ఉంది. రెండు నెలల్లో విజయవాడలో రాష్ట్ర సెలెక్షన్లు. ముగ్గురిదీ ఒకే పూట.

"నాయనా, క్లబ్బు పిస్టల్ మా ముగ్గుర్లో పెద్దక్కకే ఇస్తారంట," అంది శ్యామల. "సొంతది లేకుంటే మా ఇద్దరికీ సెలెక్షన్లు లేనట్లే."

తిరుపాలు మాట్లాడకముందే వెనక నుంచి తల్లి ఆంజనమ్మ ఫోను లాక్కుంది. "ఏమయ్యా, ఇంట్లో తుపాకీ ఉండాదని తెలిస్తే కరెంటు బిల్లోడు గూడా గడప తొక్కడు. తెలిసి మాట్లాడతాండావా?"

"అది గాలి తుపాకీమే. కాగితానికి బొక్క పెడ్తాది, అంతే."

"కాగితానికి బొక్క పెట్టేదానికి ఎంతవుతాది?"

"ఒక తొంభై వేలు."

ఆంజనమ్మ "నాకిస్తే సూదితో పెడ్తా," అని ఫోను కూతురికి ఇచ్చేసింది.

తొంభై వేలే అతను కూడబెట్టింది. మరోసారి కొనటమంటూ ఉండదు. అందుకే శుక్రవారం సెలవు పూట దోహా నడిబొడ్డున ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో గౌస్ మొహియుద్దీన్ గదికి పోయాడు. గౌస్ రేంజిలో తుపాకులు విప్పి, శుభ్రం చేసి, మరమ్మతు చేసే మనిషి. హైదరాబాద్ పాతబస్తీవాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని.

"జానీ ఏమన్నాడంటే," తిరుపాలు కొంచెం సంకోచిస్తూ మొదలుపెట్టాడు. జానీ పక్క విల్లా డ్రైవరు. "ఇక్కడే కొని, సెలవుకు పొయ్యేటప్పుడు పెట్టెలో చెప్పుల మధ్య పెట్టుకుని పొమ్మన్నాడు. వాడు యాభై ఇంచుల టీవీనే తీసకపోయినాడంట."

గౌస్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "టీవీని చూస్తే ఎక్స్‌రే కాడ నవ్వుతరు. పిస్టల్‌ని చూస్తే నిన్ను కూచోబెడ్తరు. మళ్ల లేవనియ్యరు. మాఫీ, కానేకాదు తిరుపాల్ భాయ్. గా మాట ఇంకోపారి అనకు. హైదరాబాద్‌ల దుకాణం ఉంది. ఆడనే కొను, ఆడి నుంచే పిల్లకు పోతది."

ఆ దుకాణం అమర్నాథ్ అనే ఆయనది. వీడియో కాల్‌లో రెండు పిస్టళ్ళు బల్లమీద పెట్టి చూపించాడు. ఒకటి కొత్తది, మనదేశంలో తయారైంది, పెట్టె కూడా తెరవలేదు. రెండోది విదేశీది, ఎవరో కుర్రాడు నాలుగేళ్ళు వాడి అమ్మింది. రెండూ ఇంచుమించు ఒకే ధర. తిరుపాలు కళ్ళు కొత్త పెట్టె మీదే ఉన్నాయి. వాడేసిన వస్తువు కూతురికి కొనటం అతనికి చేతగాని పని.

"కొత్తది ఎంత బరువు?" అడిగాడు గౌస్.

అమర్నాథ్ చెప్పాడు.

"పాతది?"

"దానికంటే నూట యాభై గ్రాములు తక్కువండి."

"విన్నవా?" గౌస్ తిరుపాలు వైపు తిరిగాడు. "పద్నాలుగేండ్ల పిల్ల. అరవై షాట్లు. ఒక్కో షాట్‌కు చెయ్యి చాచి నిలబడాలె. నలభైయ్యో షాట్ కాడ గా నూట యాభై గ్రాములు కిలో లెక్క ఉంటది. కొత్త పెట్టెను పట్టుకోదు కద నీ బిడ్డ, పిస్టల్‌ని పట్టుకుంటది."

"వాడిందానికి ఏమన్నా అయితే?"

"ఆగు. సార్, గాలి సిలిండర్ తిప్పి చూపించుండ్రి. తారీకు కనపడాలె."

సిలిండర్ మీద చెక్కిన నెల, సంవత్సరం తెరమీదికి వచ్చాయి. పదేళ్ళు దాటితే దాన్ని మార్చాల్సిందేనని, మార్చాలంటే సగం పిస్టల్ ధర అవుతుందని గౌస్ చెప్పాడు. దీనికి ఇంకా అయిదేళ్ళు ఉన్నాయి. తర్వాత ట్రిగ్గర్‌ను ఊరికే నొక్కించాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆ టక్కుమనే చప్పుడు నాలుగుసార్లు విన్నాడు. "సాఫ్ ఉంది," అన్నాడు. "ఇదే తీస్కో."

నమాజు వేళయింది. గౌస్ లేచి ముఖం కడుక్కుని మసీదుకు పోయాడు. ధర దగ్గర అమర్నాథ్, తిరుపాలు కాసేపు అటూ ఇటూ లాగి తొంభై దగ్గర ఆగారు.

"చేతి పిడి ఏ సైజు పెట్టమంటారు?" అడిగాడు అమర్నాథ్. "స్మాల్ ఉంది, మీడియం ఉంది. అమ్మాయి చెయ్యి ఎలా ఉంటుంది?"

తిరుపాలుకు కూతురి చెయ్యి గుర్తు రాలేదు. ఆలోచించాల్సిన అవసరమూ కనపడలేదు. "మీడియం పెట్టండి సార్," అన్నాడు. "ఎదిగే పిల్ల."

గౌస్ తిరిగొచ్చి, "అయిపోయిందా?" అని అడిగితే, "అయిపోయింది భాయ్," అన్నాడు నిబ్బరంగా.

పిస్టల్ వారంలో కోడూరు చేరింది. ఆంజనమ్మ దాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళంచెవి కొంగున కట్టుకుంది. కరెంటు బిల్లోడు వచ్చాడట, బిల్లు చేతికిచ్చి మామూలుగానే పోయాడట. శ్యామల రోజూ "బాగుంది నాయనా" అనేది. జానీతో సహా తెలిసిన డ్రైవర్లందరికీ తిరుపాలు కూతురి పిస్టల్ ఫోటో చూపించాడు.

మూడోవారం శ్యామల క్లబ్బులో తను కాలుస్తున్న వీడియో ఒకటి పంపింది. రేంజి బయట బండిలో కూర్చుని అతను దాన్ని చూశాడు. మళ్ళీ చూశాడు. శిఫా వేలు ట్రిగ్గర్ మీద ఎక్కడ ఆనుతుందో నాలుగేళ్ళుగా చూసిన మనిషి. శ్యామల వేలు అక్కడ ఆనటం లేదు. గోరు పక్కన కొసభాగం మాత్రమే అందుతోంది. అందించటానికి పిల్ల మణికట్టును లోపలికి తిప్పుతోంది. నొక్కిన ప్రతిసారీ పిస్టల్ మూతి ఒకవైపుకు జరుగుతోంది.

వెంటనే ఫోను చేశాడు. "పిడి పెద్దదైందా మా?"

"అమ్మకిస్తా నాయనా," అంది శ్యామల.

"శ్యామలా, నిన్నే."

"కొంచెం," అంది. "జారకుండా చేతికి గుడ్డ చుడ్తాండా. గుడ్డ చుట్టి కాల్చకూడదన్నారు క్లబ్బు మేడం."

"మరి బాగుండాదని చెప్తివే?"

"నువ్వు కొన్న్యావు గదా." మళ్ళీ తనే అంది. "చెప్పులు గూడా అంతే నాయనా. ముందర కాగితం కుక్కి వేసుకుంటా. నాకు సరిపొయ్యేతలికి అడుగు అరిగిపోతాది."

"ఒక్కసారన్నా చెప్పలేదే!"

"నువ్వు సరిపోయినాయా అని అడుగుతావు. సరిపోయినాయంటాము."

రేంజి తలుపులు తెరుచుకుని పిల్లలు బయటికి వస్తున్నారు. శిఫా వెనకసీట్లో కూర్చుని "యల్లా" అని బయల్దేరమనేదాకా అతను బండి స్టార్టు చెయ్యలేదు.

శుక్రవారం గౌస్‌కు అంతా చెప్పాడు. గౌస్ కోపం తెచ్చుకోలేదు గానీ తల అడ్డంగా ఊపాడు.

"పిస్టల్ అంగీ కాదు భాయ్, పెరుగుతదని వదులు కొననీకి. నేను నమాజుకు పోయి వచ్చేలోపల గింత పని చేస్తివా?"

స్మాల్ పిడి కోసం అమర్నాథ్‌కు ఫోను చేశారు. అది అప్పుడే అమ్ముడుపోయింది, మళ్ళీ తెప్పించాలంటే నెల పడుతుంది. సెలెక్షన్లకు ఇరవై రోజులే ఉన్నాయి. ట్రిగ్గర్‌ను వెనక్కి జరుపుకునే వీలుంది గానీ, శ్యామల అప్పటికే దాన్ని చివరి గాటు దాకా జరిపేసింది.

"అయితే ఒకటే దారి," అన్నాడు గౌస్. "పిడి చెక్కదే కద. గీకాలె."

"ఏంది?"

"ఆకురాయి పెట్టి గీకాలె. బొటనవేలు, చూపుడువేలు కలిసే కాడ చెక్క తగ్గితే చెయ్యి ముందటికి పోతది, వేలు అందుతది."

తిరుపాలు ఒప్పుకోలేదు. తొంభై వేల వస్తువును, అదీ ఒకసారి తీసేస్తే తిరిగిరాని చెక్కను! "రెండేళ్ళు పోతే ఆ చెయ్యే పెద్దదవుతాది గదా భాయ్. అప్పుడేం చెయ్యల్ల?"

"అప్పుడు పుట్టీ పూసి పెంచుకుంటది. రెండేండ్ల తర్వాత కాల్చుతదా, ఇరవై దినాలల్ల కాల్చుతదా? నువ్వే చెప్పు. నేను చాయ్ పెడ్తున్న."

చాయ్ మరిగేదాకా తిరుపాలు కిటికీలోంచి కింద సందులో ఆగిన వ్యాన్లను చూస్తూ కూర్చున్నాడు. అతని ఫోనులో కూతురి ఫోటోలు వందల్లో ఉన్నాయి. తీసి చూశాడు. పండక్కి కొత్త గౌను, బడి ముందు, బస్సు దగ్గర. అన్నింట్లోనూ చొక్కా చేతులు వేళ్ళ దాకా దిగి ఉన్నాయి. చెయ్యి ఎంతుందో ఒక్కదాంట్లోనూ తెలియటం లేదు. గౌస్ గ్లాసు అందించేసరికి అతను కోడూరుకు ఫోను చేస్తున్నాడు.

"మా, మన వీధిలో చెక్కపని చేసే వడ్లాయన దగ్గర ఆకురాయి ఉంటాదేమో అడుగు."

అక్కడ సాయంత్రం నాలుగున్నర, దోహాలో రెండు. శ్యామల వాకిట్లో చాప పరిచి, పిస్టల్ నుంచి పిడిని విప్పి ఒళ్ళో పెట్టుకుంది. ఫోను పట్టుకునే పని ఆంజనమ్మది. ఆమె పట్టుకుంటే చెట్లు ఎక్కువ, పిల్ల తక్కువ కనపడుతోంది.

"అమ్మా, జర కిందికి," అన్నాడు గౌస్. "బేటా, చేతికి పౌడర్ రాసుకొని పిడిని గట్టిగ పట్టి విడువు. తెల్లగ ఏడ అంటింది?"

"బొటనవేలు మొదట్లో."

"గాడనే. ఒక్కొక్క దెబ్బ. తొందర లేదు."

ఆకురాయి కర్రుమంది. గోధుమరంగు పొడి పిల్ల లంగా మీద రాలింది. తిరుపాలు కళ్ళు తిప్పుకున్నాడు. కాసేపటికి ఉండబట్టక, "చాల్లే మా, కొంచెం ఉంచు," అన్నాడు.

"ఇంగా అందలేదు నాయనా."

"రేపు చెయ్యి పెరిగితే—"

"సెలెక్షన్లు ఇరవై రెండో తేదీ," అంది పిల్ల తలెత్తకుండా.

"మీ నాయన్ను మాట్లాడనీకు బేటా," అన్నాడు గౌస్. "ఫులూస్, పైసలు పెట్టినోనికి చెక్క గీకుతుంటే కడుపుల గీకినట్లుంటది."

ఆంజనమ్మ నవ్వింది. ఆ నవ్వుకు ఫోను ఊగి ఆకాశం కనపడింది.

మూడు శుక్రవారాలు పడుతుందని గౌస్ అన్న పనిని మూడు సాయంత్రాల్లో చేసింది శ్యామల. గీకటం, గరుకు కాగితంతో రుద్దటం, బిగించటం, చాచి చూడటం, మళ్ళీ విప్పటం. ఒకసారి అరచేతి అడుగున గౌస్ చెప్పినదానికంటే ఎక్కువ తీసేసి ఏడ్చింది. అక్కడ కాస్త పుట్టీ పెట్టించి సరిచేశాడు గౌస్. చివరికి పిడి ఒక ఆకారం లేకుండా తయారైంది. నున్నటి నల్లరంగు మధ్యలో పచ్చి చెక్క మచ్చలు. అమ్మబోతే ఎవరూ కొనరు. పిల్ల వేలు మాత్రం ట్రిగ్గర్ మీద గోరుకు సరిగ్గా వెనక, మెత్తటి చోట ఆనింది. మణికట్టు తిరగలేదు.

ఇరవై రెండో తేదీ ఆదివారం. తిరుపాలు శిఫాను లోపల దింపి, ఆరోజు బెంచీ దగ్గరికి పోలేదు. బండిలోనే ఉన్నాడు. విజయవాడ నుంచి ఫోను రావటానికి ఆరు దాటింది.

"ఏడో ప్లేసు నాయనా," అంది శ్యామల. "ఎనిమిది మందిని తీసుకున్నారు."

"ఏడో ప్లేసా?" పక్కనుంచి, తోడు పోయిన ఆంజనమ్మ గొంతు. ఆమెకీ ఇప్పుడే చెప్పినట్లుంది. "ఎంతమందిలో?"

"ముప్పై ఒకటి."

"అయితే మేలే," అని ఆమె ఎవరితోనో ఆ మాట చెప్పటానికి పోయింది.

పిడి సరిపోయిందా అన్న ప్రశ్న తిరుపాలు నోటిదాకా వచ్చింది. దాన్ని ఆపుకుని ఇంకొకటి అడిగాడు.

"చెయ్యి ఎక్కడన్నా నొప్పి పెట్టిందా మా?"

శ్యామల కొంచెం ఆలోచించింది. "చివరి పది షాట్లకు పెట్టింది. చిటికెనవేలు కాడ చెక్క ఒత్తుకుంటాది. ఇంగ కొంచెం తియ్యల్ల."

"తియ్యి," అన్నాడు తిరుపాలు.